చెడ్డ వార్త మేనేజర్ దాకా వస్తుందా?

పని గడువుకి పూర్తికాదన్న సంగతి ఏ టీమ్‌లోనైనా మొదట తెలిసేది ఆ పని చేస్తున్నవాళ్లకే. అది వాళ్ల నోటి నుంచి మేనేజర్ చెవిన పడటానికి ఎన్ని రోజులు పట్టిందో చూస్తే, ఆ మేనేజర్ గురించి అప్రైజల్ ఫారాలు చెప్పని విషయం ఒకటి బయటపడుతుంది. కొన్ని టీముల్లో అదే సాయంత్రానికి తెలిసిపోతుంది. కొన్నింట్లో గడువు రేపనగా తెలుస్తుంది. ఇంకొన్నింట్లో క్లయింట్ ఫోన్ చేసి అరిచాక గానీ తెలియదు.

మంచి మేనేజర్ అంటే ఎవరని అడిగితే మామూలుగా వచ్చే జవాబు ఒక గుణాల పట్టిక. ఓపిక ఉండాలి, ఎదుటివాళ్లు చెప్పేది వినాలి, అందరినీ ఒకేలా చూడాలి, ఉత్సాహం నింపాలి. ఇందులో కాదనడానికి ఏమీ లేదు. చిక్కల్లా, ఈ పట్టిక చదివిన ప్రతి మేనేజరూ ఇవన్నీ తమలో ఉన్నాయనే అనుకుంటారు. కేకలేసే మేనేజర్ కూడా తాను ముక్కుసూటి మనిషినని అనుకుంటారే తప్ప కోపిష్టినని అనుకోరు. అందుకే గుణాలను పక్కనపెట్టి, బయటి నుంచి చూసి తేల్చగలిగే ప్రశ్న ఒకటి వేసుకోవడం మేలు: ఈ మేనేజర్‌కి నచ్చని వార్త ఎంత తొందరగా, ఎంత కల్తీ లేకుండా చేరుతోంది? మనుషులతో పని చేయించడంలో మిగతావన్నీ చాలావరకు దీని చుట్టూనే తిరుగుతాయి.

అసలు మేనేజర్ అవసరమా?

ఈ అనుమానం పాతదే. 2002లో గూగుల్ తన ఇంజినీరింగ్ విభాగాన్ని మేనేజర్లు లేకుండా నడిపి చూసింది. ఖర్చుల బిల్లులు, మనుషుల మధ్య గొడవలు లాంటివి పట్టుకుని ఉద్యోగులు నేరుగా వ్యవస్థాపకుడు లారీ పేజ్ దగ్గరికే రావడం మొదలైంది. కొన్ని నెలలకే ఆ ప్రయోగం ఆగిపోయింది. ఆ తర్వాత అదే సంస్థ 'ప్రాజెక్ట్ ఆక్సిజన్' పేరుతో తన దగ్గరున్న సర్వేలు, రేటింగులు అన్నీ తిరగేసి, మంచి మేనేజర్లలో కనిపించే ఎనిమిది అలవాట్లను వరసగా పేర్చింది. మొదటి స్థానంలో వచ్చింది పని నేర్పించడం. టెక్నికల్ నైపుణ్యం ఎనిమిదో స్థానంలో, అంటే అట్టడుగున వచ్చింది. ఇంజినీర్లతో నిండిన సంస్థలో ఈ వరస చాలామందికి మింగుడుపడలేదు.

ఆర్థికవేత్తలు ఎడ్వర్డ్ లేజియర్, క్యాథరిన్ షా, క్రిస్టొఫర్ స్టాంటన్ దీన్ని అంకెల్లో కొలిచారు. ఒక పెద్ద సేవల సంస్థలో 2006 నుంచి 2010 వరకు 23,878 మంది ఉద్యోగుల రోజువారీ పనిని, దాదాపు 2,000 మంది బాస్‌లను కలిపి పరిశీలించారు. బాస్‌లలో అట్టడుగు 10 శాతంలో ఉన్న ఒకరిని తీసేసి పై 10 శాతంలోని ఒకరిని పెడితే, తొమ్మిది మంది ఉన్న టీమ్‌కి పదో మనిషిని చేర్చినంత ఫలితం కనిపించింది. ఆ తేడా ఎక్కువగా పని నేర్పించడం వల్ల వచ్చిందన్నది వాళ్ల నిర్ధారణ. బాస్ మారిపోయాక కూడా నేర్చుకున్న పని ఉద్యోగి దగ్గరే మిగిలింది.

అయితే ఇక్కడే ఒక జాగ్రత్త అవసరం. మిచెల్ హాఫ్‌మన్, స్టీవెన్ టడెలిస్ 2021లో ప్రచురించిన పరిశోధన ఒక పెద్ద టెక్ సంస్థ రికార్డుల మీద జరిగింది. మనుషులతో బాగా వ్యవహరిస్తారని కింది ఉద్యోగులు సర్వేలో చెప్పిన మేనేజర్ల దగ్గర రాజీనామాలు బాగా తక్కువగా ఉన్నాయి. కానీ మిగతా ఫలితాల్లో చాలావాటి మీద అంత నిలకడైన ప్రభావం కనిపించలేదు. ఈ రెండో సగాన్ని మేనేజ్‌మెంట్ శిక్షణ అమ్ముకునేవాళ్లు చెప్పరు. మంచి మేనేజర్ వస్తే సామాన్య ఉద్యోగి రాత్రికి రాత్రి మెరికలా మారిపోతాడని ఎక్కడా రుజువు కాలేదు. పనికొచ్చే మనుషులు నిలబడతారని మాత్రం రుజువైంది. ఒక మనిషి వెళ్లిపోతే కొత్తవాళ్లను వెతకడానికి, పని చేతికి వచ్చేదాకా నేర్పడానికి ఎన్ని నెలలు పడుతుందో తెలిసినవాళ్లు దీన్ని చిన్న విషయం అనరు.

'ఉద్యోగులు వదిలిపెట్టేది కంపెనీని కాదు, మేనేజర్‌ని' అనే మాటను కూడా ఈ లెక్కలోనే చూడాలి. గ్యాలప్ సంస్థ 2015లో అమెరికాలో 7,272 మందిని అడిగితే, జీవితంలో ఎప్పుడో ఒకసారి మేనేజర్ బాధ పడలేక ఉద్యోగం మానేశామని సగం మంది చెప్పారు. పెద్ద అంకే. కానీ 'ఎప్పుడో ఒకసారి' అనడం వేరు, 'ప్రతిసారీ' అనడం వేరు. జీతం, ఇంటి పరిస్థితి, ఎదుగుదల కనిపించకపోవడం, రోజూ చేసే ప్రయాణం కూడా మనుషుల చేత ఉద్యోగం మాన్పిస్తాయి. అన్ని రాజీనామాలనూ మేనేజర్ ఖాతాలో రాస్తే అసలు కారణాలు దాక్కుంటాయి.

తప్పులు ఎక్కువ కనిపించిన వార్డులు

1990లలో ఎమీ ఎడ్మండ్‌సన్ అనే పరిశోధకురాలు ఆస్పత్రుల్లో మందులు ఇవ్వడంలో జరిగే పొరపాట్ల మీద పని చేశారు. కలిసికట్టుగా, మంచి నాయకత్వం కింద పనిచేసే వార్డుల్లో పొరపాట్లు తక్కువగా ఉంటాయని ఎవరైనా ఊహిస్తారు. లెక్కలు తిరగబడ్డాయి. మంచి టీములనిపించిన వార్డుల్లోనే నమోదైన పొరపాట్లు ఎక్కువ. కారణం తవ్వితే తేలింది ఇది: ఆ వార్డుల్లో నర్సులు పొరపాటు జరిగితే దాచకుండా చెప్పేవాళ్లు, మళ్లీ జరగకుండా ఏం చేయాలో కలిసి మాట్లాడుకునేవాళ్లు. మిగతా వార్డుల్లో చెబితే ఏమవుతుందోనన్న భయం ఉండేది. అక్కడ రికార్డులు శుభ్రంగా కనిపించినంత మాత్రాన పని శుభ్రంగా జరుగుతోందని అనడానికి లేదు. 1999లో ఆమె దీన్నే ఒక తయారీ సంస్థలోని 51 టీముల మీద పరీక్షించి, తెలియదని ఒప్పుకోవడానికి, తప్పు చెప్పడానికి, ప్రశ్న అడగడానికి భయం లేని టీములే త్వరగా నేర్చుకుంటాయని చూపించారు.

ఆఫీసులకు ఇది నేరుగా వర్తిస్తుంది. వారం వారం వచ్చే రిపోర్టులో అన్ని గడులూ 'అంతా సవ్యం' అని చెప్పే ఆకుపచ్చ రంగులో ఉంటే చాలామంది మేనేజర్లు సంతోషిస్తారు. అనుభవం ఉన్నవాళ్లకు అక్కడే టెన్షన్ మొదలవుతుంది. నిజంగా జరిగే ఏ పనిలోనూ ఇబ్బందులు లేకుండా ఉండవు. అవి రిపోర్టులో లేవంటే ఎవరో వాటిని మధ్యలో ఆపేశారు. తరచి చూస్తే, ఆపడం నేర్పింది మేనేజరే అయ్యే అవకాశం ఎక్కువ.

ఎలా నేర్పుతారు? చాలాసార్లు ఒక్క సంఘటనతోనే. క్లయింట్‌కి వెళ్లిన రిపోర్టులో ఒక అంకె తప్పుపడిందని అనుకుందాం. పంపిన ఉద్యోగికి గంట తర్వాత అనుమానం వచ్చింది. సరిచూసుకుంటే నిజంగానే తప్పు. ఇంకా ఎవరూ గమనించలేదు. వెళ్లి చెప్పారు. ఒక మేనేజర్ అడిగే మొదటి ప్రశ్న: "పంపే ముందు ఒకసారి చూసుకోరా?" ఇంకో మేనేజర్ అడిగే మొదటి ప్రశ్న: "ఎవరెవరికి వెళ్లింది? సరైన అంకె ఇప్పుడు మన దగ్గర ఉందా?" మొదటి ప్రశ్నలోనూ న్యాయం ఉంది, పంపే ముందు చూసుకోవాల్సిందే. కానీ అది ఆ నిమిషంలో అడగాల్సినది కాదు. ఆ నిమిషంలో ఆ ఉద్యోగి చేసిన మంచి పని ఒకటుంది: ఎవరికీ తెలియని తప్పును తనంతట తాను వచ్చి చెప్పడం. దానికి దక్కింది చీవాట్లయితే, రెండోసారి అంకె తప్పినప్పుడు ఎవరైనా గమనిస్తారో లేదో చూద్దామనే ఆగుతారు. పక్క సీట్లలో ఉండి విన్న మరో నలుగురు కూడా అదే పాఠం నేర్చుకుంటారు, వాళ్లెవరూ ఏ తప్పూ చేయకపోయినా.

రెండో మేనేజర్ ఆ విషయాన్ని అక్కడితో వదిలేయరు. క్లయింట్‌కి సరైన అంకె వెళ్లాక, మర్నాడో ఆ సాయంత్రమో కూర్చోబెట్టి ఎక్కడ జారిందో అడుగుతారు. ఒకవేళ చివరి నిమిషంలో తానే రెండు మార్పులు చెప్పి హడావిడి పెట్టినట్టు తేలితే, దాన్ని కూడా లెక్కలో వేస్తారు. పని తీరును పట్టించుకోవడంలో ఇద్దరికీ తేడా లేదు, ముందేది వెనకేది అన్నదే తేడా.

అరవడం ఒక్కటే నోళ్లు మూయిస్తుందని అనుకోకూడదు. అంతకంటే మెత్తని పద్ధతులు చాలా ఉన్నాయి. చెబుతుండగా ఫోన్ చూసుకోవడం. నిట్టూర్చడం. రెండు నెలల తర్వాత మీటింగ్‌లో అందరి ముందూ ఆ విషయం మీద ఒక జోక్ వేయడం. అన్నిటికంటే ఘోరమైనది, నమ్మి చెప్పుకున్న బలహీనతను అప్రైజల్ కాగితంలో ఆధారంగా వాడటం. అలా జరిగిందని తెలిశాక ఆ టీమ్‌లో ఎవరూ మళ్లీ నోరు విప్పరు, ఎన్ని టీమ్ విందులు పెట్టినా సరే.

అడగడం ఎలా

'నా తలుపు ఎప్పుడూ తెరిచే ఉంటుంది, ఎప్పుడైనా వచ్చి చెప్పొచ్చు' అనే మేనేజర్లు మంచి ఉద్దేశంతోనే అంటారు. కానీ ఆ మాటతో బరువంతా కింది ఉద్యోగి నెత్తిన పడుతుంది. ఎప్పుడు వెళ్లాలి, ఇది చెప్పదగినంత పెద్దదేనా, చిన్నదానికే పరిగెత్తుకొచ్చానని అనుకుంటారా అని తేల్చుకోవాల్సింది వాళ్లే. బిడియస్తులు, కొత్తగా చేరినవాళ్లు ఆ తలుపు దగ్గరికే రారు. వచ్చేది ఎప్పుడూ వచ్చేవాళ్లే. దాంతో మేనేజర్ కంటికి టీమ్ అంటే ఆ ఇద్దరు ముగ్గురే అయిపోతారు.

అందుకే వారానికో, రెండు వారాలకో ఒకసారి ఒక్కొక్కరితో విడిగా అరగంట కూర్చోవడం పనిచేస్తుంది. దీన్ని అన్నిచోట్లా వన్-ఆన్-వన్ అనే అంటారు. చాలాచోట్ల అది పని లెక్క అప్పజెప్పే మీటింగ్‌గా మారిపోయింది. పని ఎంతవరకు వచ్చిందో తెలుసుకోవడానికి ఒక మెసేజ్ చాలు. ఆ అరగంట మెసేజ్‌లో రాయలేని వాటి కోసం. దాన్ని పదే పదే వాయిదా వేసే మేనేజర్‌కి పని ఒత్తిడి నిజంగానే ఉండొచ్చు. అవతలి మనిషికి మాత్రం తన వంతు ఎప్పుడూ ఆఖరిదే అని అర్థమవుతుంది.

ప్రశ్న వేసే తీరులోనే సగం జవాబు ఉంటుంది. "ఏమైనా ఇబ్బంది ఉందా?" అంటే "ఏం లేదండీ" అనే వస్తుంది. ఆ ప్రశ్నకు అవునని చెప్పడం అంటే తనలో లోపముందని ఒప్పుకున్నట్టే. "ఈ పనిలో మీకు నమ్మకం తక్కువగా ఉన్న భాగం ఏది?" అని అడిగితే ఏదో ఒక భాగం చెప్పక తప్పదు. మనస్తత్వ శాస్త్రవేత్త గ్యారీ క్లైన్ 2007లో ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి ఒకటుంది. ప్రాజెక్ట్ మొదలయ్యే ముందే టీమ్‌ను కూర్చోబెట్టి, 'ఆరు నెలలు గడిచాయి, ఇది ఘోరంగా విఫలమైంది అనుకోండి, ఎందుకు విఫలమైందో రాయండి' అంటారు. మామూలుగా లోపం ఎత్తిచూపిన మనిషి అపశకునం పలికినట్టు కనిపిస్తారు. ఇక్కడ లోపం వెతకడమే అప్పగించిన పని కాబట్టి ఆ మొహమాటం ఉండదు. నాలుగు కాగితాల మీద ఒకే కారణం కనిపించిందంటే, ఆ సంగతి అందరికీ ముందే తెలుసన్నమాట, బయటికి రావడానికే సందు దొరకలేదు.

ఇంతా చేసి, వచ్చిన సమాచారం మీద ఏమీ చేయకపోతే ఆ సందు మళ్లీ మూసుకుపోతుంది. చేయలేనిదైతే చేయలేనని, ఎందుకు చేయలేనో చెప్పడం కూడా జవాబే. మౌనం మాత్రం జవాబు కాదు.

మెతకదనం వేరు

ఇదంతా చదివి మంచి మేనేజర్ అంటే ఎవరినీ ఏమీ అనని మనిషి అనుకుంటే పొరపాటు. నొప్పింపక తానొవ్వక తప్పించుకు తిరిగే మేనేజర్ కింద పనిచేయడం కేకలేసే మేనేజర్ కింద పనిచేయడం కంటే ఏ రకంగానూ సుఖం కాదు. కేకలేసేవాళ్ల దగ్గర కనీసం ఎక్కడున్నామో తెలుస్తుంది. ఏడాదంతా "బాగుంది, బాగుంది" అని, అప్రైజల్ రోజు సగటు రేటింగ్ చేతిలో పెట్టే మేనేజర్ చేసేది మోసం కిందికే వస్తుంది. ఆ ఉద్యోగికి సరిదిద్దుకోవడానికి ఉన్న పన్నెండు నెలలూ వృథా అయ్యాయి. చెడ్డ వార్త పైకి రావడం ఎంత ముఖ్యమో, మేనేజర్ నోటి నుంచి కిందికి వెళ్లడం కూడా అంతే ముఖ్యం. రెండు వైపులా నడిచే దారి ఇది.

చెప్పడంలోనూ తేడాపాడాలున్నాయి. అవ్రాహం క్లూగర్, ఏంజెలో డినిసి 1996లో ఫీడ్‌బ్యాక్ మీద అప్పటిదాకా వచ్చిన పరిశోధనలన్నీ పోగేసి, 607 ఫలితాలను కలిపి లెక్కగట్టారు. సగటున ఫీడ్‌బ్యాక్ మేలే చేసింది. కానీ మూడో వంతుకు పైగా సందర్భాల్లో ఫీడ్‌బ్యాక్ తర్వాత పని ఇంకా దిగజారింది. మాట పని మీద నుంచి మనిషి మీదికి మళ్లే కొద్దీ ఫలితం తగ్గుతుందన్నది వాళ్లిచ్చిన వివరణ. పొగడ్తకీ ఇది వర్తిస్తుంది. "మీకు బాధ్యత లేదు" అన్న మాట విన్నవాళ్లు ఆ రాత్రంతా తమ గురించి ఆలోచిస్తారు, పని గురించి కాదు. "గత మూడు రిపోర్టులూ గడువు దాటాక వచ్చాయి, మూడింట్లోనూ చివరి పట్టిక దగ్గరే ఆగింది, అక్కడ ఏమవుతోంది?" అంటే మాట్లాడుకోవడానికి ఒక వస్తువు దొరుకుతుంది. కొన్నిసార్లు కారణం ఉద్యోగిలో ఉండదు కూడా. పట్టికకు కావాల్సిన లెక్కలు ఇంకో విభాగం నుంచి ఆలస్యంగా వస్తుండొచ్చు. ఎదుటివాళ్ల ఆలస్యానికి వాళ్ల స్వభావాన్ని, మన ఆలస్యానికి పరిస్థితులను కారణంగా చూడటం మనుషులందరికీ ఉన్న అలవాటే. మేనేజర్ చేతిలో ఆ అలవాటు ఇంక్రిమెంట్ అంకెగా మారుతుంది, కాబట్టి వాళ్లకు అది క్షమించదగినది కాదు.

నిజంగా చేదు వార్త మోయాల్సి వచ్చినప్పుడు ఏం జరుగుతుందో జెరాల్డ్ గ్రీన్‌బర్గ్ 1990లో ప్రచురించిన అధ్యయనం కళ్లకు కట్టినట్టు చూపిస్తుంది. ఒక తయారీ సంస్థ కాంట్రాక్టులు పోయి, తన రెండు ఫ్యాక్టరీల్లో జీతాలు తాత్కాలికంగా 15 శాతం తగ్గించింది. మూడో ఫ్యాక్టరీలో తగ్గించలేదు. జీతం తగ్గిన రెండింటిలో ఒకచోట పై అధికారి చాలాసేపు కూర్చుని లెక్కలు చూపించి, ఎందుకు తప్పలేదో వివరించి, బాధపడుతున్నామని చెప్పి, అడిగిన ప్రతిదానికీ జవాబిచ్చారు. రెండో చోట విషయం క్లుప్తంగా ప్రకటించి వెళ్లిపోయారు. జీతం కోత రెండు చోట్లా ఒకటే. కోత ఉన్న వారాల్లో ఫ్యాక్టరీ సరుకు దొంగతనాలు రెండు చోట్లా పెరిగాయి, కానీ వివరించి చెప్పిన చోట పెరుగుదల బాగా తక్కువ. వివరణతో ఎవరి జేబులోకీ ఒక్క పైసా తిరిగి రాలేదు. అయినా మమ్మల్ని మనుషులుగా లెక్కేశారన్న భావన ప్రవర్తనను మార్చింది. నిర్ణయం తన చేతిలో లేనప్పుడు మేనేజర్ చేయగలిగేది ఏమీ ఉండదన్న వాదన ఈ అధ్యయనం ముందు నిలవదు.

పై వాళ్ల దగ్గర మేనేజర్ మాట చెల్లుతుందా

మేనేజర్ మంచితనం గురించి మాట్లాడేటప్పుడు ఎక్కువగా మరిచిపోయే సగం ఇది. కింది ఉద్యోగులు చెప్పింది విన్నారు, సరే. తర్వాత దాన్ని పైకి తీసుకెళ్లగలరా? డొనాల్డ్ పెల్జ్ అనే పరిశోధకుడు అమెరికాలోని డెట్రాయిట్ ఎడిసన్ అనే విద్యుత్ కంపెనీలో సూపర్‌వైజర్లను పరిశీలించి 1952లో రాసిన విషయం ఇప్పటికీ పదునుగానే ఉంది. ఉద్యోగుల పక్షాన నిలబడే సూపర్‌వైజర్ అంటే ఉద్యోగులు ఇష్టపడతారనే ఎవరైనా అనుకుంటారు. పై అధికారుల దగ్గర పలుకుబడి ఉన్న సూపర్‌వైజర్ల విషయంలో అలాగే జరిగింది. పలుకుబడి లేనివాళ్ల విషయంలో ఆ మంచితనానికి ఫలితం కనిపించలేదు, కొన్నిచోట్ల ఎదురు తిరిగింది కూడా. ఆశ పెట్టి తీర్చలేకపోయిన మనిషి మీద కలిగే కోపం, అసలు ఆశే పెట్టని మనిషి మీద కలగదు.

కాబట్టి మంచి మేనేజర్ సమయంలో కొంత పైవైపు ఖర్చవుతుంది. గడువు అసాధ్యమని టీమ్ చెప్పినప్పుడు, "పై నుంచి వచ్చింది, ఏం చేస్తాం" అని చేతులెత్తేయడం తేలిక. ఈ గడువుకి ఏది వస్తుంది, ఏది రాదు, ఏది వదులుకుంటే ఏది దక్కుతుంది అని లెక్క కట్టి పైకి చూపించడం కష్టం. ఆ లెక్క నమ్మకంగా ఉండాలంటే కింది నుంచి వచ్చే సమాచారం నిజమైనదై ఉండాలి. కింద నిజం దొరకని మేనేజర్‌కి పైన చెప్పడానికి ఏమీ ఉండదు, అంచనాలు తప్ప. ఆ అంచనాలు రెండుసార్లు తప్పాక పైన కూడా మాట చెల్లదు.

పేరు ఎవరికి దక్కుతుందన్నదీ ఇక్కడే తేలుతుంది. టీమ్ చేసిన పనిని పై మీటింగ్‌లో 'నేను చేశాను' అని చెప్పుకునే మేనేజర్ల గురించి చెప్పుకోవడం దండగ, వాళ్లు అందరికీ తెలిసినవాళ్లే. వాళ్ల కంటే కాస్త నయమనిపించే ఇంకో రకం ఉంది: 'మా టీమ్ చేసింది' అంటారు కానీ ఎవరి పేరూ చెప్పరు. అలా చేస్తే ప్రమోషన్ల చర్చ వచ్చినప్పుడు పై వాళ్లకు ఆ టీమ్‌లో మేనేజర్ పేరు తప్ప మరో పేరు గుర్తుండదు.

పని పంపకం గురించి ఒక్క మాట. బాగా చేసేవాళ్లకే ఇంకా పని పడటం అన్ని ఆఫీసుల్లోనూ ఉన్నదే, దానికి బహుమతి కూడా ఇంకొంచెం పనే. అది న్యాయం కాదని అందరికీ తెలుసు. దాన్ని ఆపాలంటే సరిగా చేయనివాళ్లతో కష్టమైన మాట మాట్లాడాలి. ఆ మాట తప్పించుకోవడానికే చాలామంది మేనేజర్లు మంచి ఉద్యోగుల్ని అరగదీస్తారు.

తప్పు మనుషులు ఎందుకు వస్తారు

ఇన్ని తెలిసినా చెడ్డ మేనేజర్లు ఇంతమంది ఎందుకున్నారంటే, ఎంపికలోనే తిరకాసు ఉంది. బాగా పనిచేసే మనిషికి ఇవ్వగలిగిన గౌరవం చాలా సంస్థల్లో ఒక్కటే: మేనేజర్ కుర్చీ. కెనడాకు చెందిన లారెన్స్ పీటర్ 1969లో దీన్ని సగం వేళాకోళంగా ఒక సూత్రంలా చెప్పారు. సమర్థతను చూసి పైకి ఎక్కిస్తూ పోతే ప్రతి మనిషీ చివరికి తనకు చేతకాని పదవిలో ఆగిపోతారని. యాభై ఏళ్ల తర్వాత, 2019లో అలన్ బెన్సన్, డేనియల్ లీ, కెల్లీ షూ వందకు పైగా సంస్థల అమ్మకాల సిబ్బంది లెక్కలు తీసి చూస్తే ఆ వేళాకోళం నిజమని తేలింది. ఎక్కువ అమ్మినవాళ్లకే ప్రమోషన్లు వచ్చాయి. వాళ్ల కింద పనిచేసినవాళ్ల అమ్మకాలు మాత్రం తగ్గాయి. ఒంటరిగా కాక ఇతరులతో కలిసి అమ్మిన అనుభవం ఉన్నవాళ్లు మెరుగైన మేనేజర్లయ్యారు, కానీ ప్రమోషన్ ఇచ్చేటప్పుడు ఆ అనుభవాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు.

సంస్థలు తెలివితక్కువగా ఇలా చేస్తున్నాయని కొట్టిపారేయలేం. బాగా అమ్మినవాళ్లను పక్కనపెట్టి ఇంకొకరిని పైకి తెస్తే, రేపటి నుంచి అమ్మడానికి ఎవరు కష్టపడతారు? ప్రమోషన్ అనేది ఎంపికతో పాటు బహుమతి కూడా కావడం వల్ల వచ్చిన చిక్కు ఇది. బహుమతిని వేరుగా, మేనేజర్ ఎంపికను వేరుగా చేస్తే తప్ప ఇది తీరదు. కొన్ని టెక్ సంస్థలు మనుషులను చూసుకునే బాధ్యత లేకుండానే జీతంలో, హోదాలో పైకి ఎదిగే రెండో మెట్ల వరస పెట్టాయి. కాగితం మీద రెండూ సమానమే. నిర్ణయాలు జరిగే గదిలోకి రెండో వరసవాళ్లకూ పిలుపు ఉందా అన్నది చూస్తే గానీ ఆ సమానత్వం ఏపాటిదో తెలియదు.

ఎవరిని ఎంచుకోవాలన్న విషయంలో బెన్ వీడ్‌మన్, డేవిడ్ డెమింగ్, మరికొందరు 2024లో బయటపెట్టిన ప్రయోగం ఆలోచింపజేస్తుంది. మనుషులను పదే పదే వేర్వేరు టీముల్లో కలిపి, ఏ మేనేజర్ ఉంటే టీమ్ ఎలా చేసిందో కొలిచారు. మేనేజర్ కావాలని బాగా ఉబలాటపడినవాళ్లను ఆ స్థానంలో కూర్చోబెట్టినప్పటి కంటే, లాటరీ తీసి ఎవరో ఒకరిని కూర్చోబెట్టినప్పుడు టీములు మెరుగ్గా చేశాయి. కావాలనుకున్నవాళ్లలో తమకు మనుషులతో మెలిగే నేర్పు ఉందన్న నమ్మకం ఉన్నదానికంటే ఎక్కువగా కనిపించింది. వయసు, ఆడ మగ తేడా మంచి మేనేజర్‌ని పట్టివ్వలేదు. ఉన్న వనరులను ఎవరికి ఎంత కేటాయించాలో తేల్చుకోగల నేర్పు, ఆలోచనలో చురుకు పట్టిచ్చాయి.

లాటరీ తీసి మేనేజర్లను పెట్టమని దీనర్థం కాదు. ఎవరు ముందుకొచ్చి అడిగారో వాళ్లకే ఇచ్చే పద్ధతికి మాత్రం ఇది గట్టి ఎదురుదెబ్బ. కుర్చీ అప్పగించే ముందు కొన్ని నెలలు ఇద్దరు ముగ్గురి బాధ్యత ఇచ్చి చూడొచ్చు. ఆ ఇద్దరు ముగ్గురినీ విడిగా అడగొచ్చు, అదీ 'ఆయన మంచివారేనా' అని కాదు, 'పోయిన నెల పని ఎక్కడైనా చిక్కుపడిందా, ఆయనకు ఎప్పుడు చెప్పారు, చెప్పాక ఏం జరిగింది' అని. జవాబుల్లో తేదీలు, సంఘటనలు ఉంటాయి కాబట్టి మొహమాటానికి చోటు తక్కువ. ఆ నెలలు గడిచాక ఈ పని తనకు పడదనిపించినవాళ్లకు జీతం, పరువు తగ్గకుండా పాత పనిలోకి వెళ్లే వీలు కూడా ముందే రాసిపెట్టి ఉండాలి. చాలా సంస్థల్లో ఆ వీలు లేదు. దాంతో సరిపడని కుర్చీలో కూర్చున్న మనిషి అక్కడే ఏళ్ల తరబడి ఉండిపోతారు, కింద మాత్రం మనుషులు మారుతూ ఉంటారు.